ఏడాదికి ఎన్ని పుస్తకాలు, పుస్తకానికి ఎన్ని స్టార్లు: రెండు అంకెల వెనక లెక్క

డిసెంబరు చివరి వారంలోనూ జనవరి మొదటి వారంలోనూ పుస్తకాలు చదివేవాళ్ల మధ్య రెండు రకాల అంకెలు తిరుగుతుంటాయి. ఒకటి ముగిసిన ఏడాదిది: చదివినవి ఇన్ని, వాటిలో అయిదు స్టార్లు దక్కినవి ఇన్ని. రెండోది రాబోయే ఏడాదిది: ఈసారి 24, ఈసారి 52, ఈసారి 100. ఈ అంకెలు చూసి హుషారు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు, చిన్నబుచ్చుకునేవాళ్లు ఉన్నారు, పుస్తకాలను మూటల్లా లెక్కపెట్టడమేమిటని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన ఏటా ఎక్కడిదక్కడే ఆగిపోవడానికి కారణం ఒకటుంది. ‘ఎన్ని చదివారు’, ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్నలకు అందరూ జవాబు చెబుతున్నట్టే కనిపిస్తుంది గానీ, ఒక్కొక్కరు మనసులో పెట్టుకున్న ప్రశ్న వేరు. బయటికి వచ్చేది అంకె ఒక్కటే. ప్రశ్న చెప్పినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

ప్రణాళిక అన్న మాటకు మూడు అర్థాలు

కొందరికి పఠన ప్రణాళిక అంటే ఒక సంఖ్య. ఏ పుస్తకాలన్నది తర్వాత చూసుకోవచ్చు, సంవత్సరం ముగిసేసరికి ముప్పై పూర్తి కావాలి, అంతే. పాఠకులు చదివినవి నమోదు చేసుకుని స్టార్లు ఇచ్చే సైటు గుడ్‌రీడ్స్ 2011లో మొదలుపెట్టిన ‘రీడింగ్ ఛాలెంజ్’ ఈ పద్ధతిదే. ఇంకొందరికి అది ఒక జాబితా: ఎన్నాళ్లుగానో అల్మరాలో ఉన్న ఫలానా ఇరవై పుస్తకాలను ఈసారైనా పూర్తి చేయాలి. మరికొందరికి అది ఒక నియమం: నెలకొక అనువాదం చదవాలి, లేదా వరుసగా రెండు నవలలు చదివితే మూడోది నవల కాకూడదు.

ఈ మూడింటిలో గెలుపూ ఓటమీ ఒకలా ఉండవు. ఒకరు జనవరిలో ఇరవై పుస్తకాల జాబితా రాసుకున్నారనుకుందాం. డిసెంబరు నాటికి ఆమె 31 పుస్తకాలు చదివారు, కానీ జాబితాలోవి వాటిలో ఏడే. సంఖ్య ప్రకారం చూస్తే లక్ష్యంలో 155 శాతం, జాబితా ప్రకారం చూస్తే 35 శాతం. ‘ఈ ఏడాది అనుకున్నట్టు సాగలేదు’ అని ఆమె అంటే 31 చూసినవాళ్లకు అది వినయంలా వినిపిస్తుంది, ఏడు చూసినవాళ్లకు ఉన్నమాటే అనిపిస్తుంది. ఆమె ఏ లెక్కలో మాట్లాడుతున్నారో తెలియకుండా ఆ మాటకు అర్థం తేలదు.

పుస్తకం అంటే ఎన్ని పేజీలు?

సంఖ్యను లక్ష్యంగా పెట్టుకున్నప్పుడు వచ్చే మొదటి చిక్కు కొలమానానిది. యునెస్కో 1964లో ప్రచురణల గణాంకాల కోసం ఒక నిర్వచనం చేసింది: అట్టలు మినహా కనీసం 49 పేజీలున్న, పత్రిక కాని ముద్రణ అయితే పుస్తకం, అయిదు నుంచి 48 పేజీల వరకూ ఉన్నది కరపుస్తకం. దేశాలు తమ ప్రచురణలను పోల్చుకోవడానికి ఈ గీత పనికొస్తుంది గానీ, చదివేవాళ్ల శ్రమను పోల్చడానికి పనికిరాదు. ఎందుకంటే 60 పేజీల దీర్ఘ కవితా, 900 పేజీల చరిత్రా ఆ గీతకు ఒకే వైపున ఉంటాయి. ఒక్కొక్కటి 600 పేజీలున్న పన్నెండు పుస్తకాలు చదివిన వ్యక్తి 7,200 పేజీలు తిప్పినట్టు. 150 పేజీలవి నలభై చదివిన వ్యక్తి 6,000 పేజీలు తిప్పినట్టు. అయినా ఏడాది చివర్లో 40 అన్న అంకె పక్కన 12 చిన్నగానే కనిపిస్తుంది.

పేజీల్లో కొలిస్తే సరిపోతుందా అంటే, అచ్చు సైజూ మార్జిన్లూ అన్ని పుస్తకాల్లో ఒకటి కాదు. సమయంలో కొలవడం మరో దారి. మౌనంగా చదివే వేగం మీద వచ్చిన 190 అధ్యయనాలను మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2019లో కలిపి చూసి, ఇంగ్లిషులో కాల్పనికేతర రచనలను పెద్దవాళ్లు సగటున నిమిషానికి 238 మాటల వేగంతో, కథాసాహిత్యాన్ని 260 మాటల వేగంతో చదువుతారని లెక్కగట్టారు. పేజీకి 250 మాటల చొప్పున 300 పేజీల పుస్తకంలో 75,000 మాటలుంటాయి. 238 వేగంతో దానికి 315 నిమిషాలు, అంటే అయిదుంబావు గంటలు పడుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు తప్పకుండా చదివితే ఏడాదికి 7,300 నిమిషాలు, అంటే అలాంటివి 23 పుస్తకాలు. ఈ లెక్కను తెలుగు పేజీకి నేరుగా అతికించలేం. ‘చదవలేకపోయినవాళ్లకి’ అన్నది మనకు ఒక్క మాట. ఇంగ్లిషులో దానికి అయిదారు మాటలు కావాలి. తెలుగులో మాటల సంఖ్య తక్కువ, ఒక్కో మాట మోసే బరువు ఎక్కువ. మాటల లెక్క భాష మారగానే చెదిరిపోతుంది గానీ నిమిషాల లెక్క నిలుస్తుంది. స్టోరీగ్రాఫ్ వంటి యాప్‌లు పుస్తకాలతో పాటు పేజీల లక్ష్యాన్నీ గంటల లక్ష్యాన్నీ పెట్టుకోనివ్వడానికి కారణం కూడా కొలమానం దగ్గర తెగని ఈ పేచీయే. విన్న పుస్తకం చదివినట్టా, రెండోసారి చదివింది లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్నలు కూడా ఇక్కడివే; కొలమానం గంటలైతే అవి దాదాపు ప్రశ్నలుగానే మిగలవు.

కొలమానం లక్ష్యంగా మారితే ఏమవుతుందో ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ చెప్పారు. ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న సూత్రం సారాంశం ఇది: ఒక కొలతను లక్ష్యంగా పెట్టుకున్న క్షణం నుంచి అది మంచి కొలతగా ఉండడం మానేస్తుంది. దీనికి నా నోటుబుక్కే సాక్ష్యం. ఒక ఏడాది డిసెంబరు 20 తర్వాత అందులో ఆరు పుస్తకాలు నమోదై ఉన్నాయి, ఆరింటిలో ఒక్కటీ 120 పేజీలు దాటలేదు. వాటిలో రెండు నిజంగా మంచివి, ఆ మాట వేరు. కానీ ఆ వారంలో వాటిని ఎంచింది నా అభిరుచి కాదు, వాటి మందం.

నలుగురికీ చెబితే పని సాగుతుందా, ఆగుతుందా?

ప్రణాళికను బయటపెట్టడం మంచిదా అన్న దానిపై రెండు వాదాలున్నాయి, రెండింటికీ పరిశోధనల మద్దతు ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గాల్విట్జర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ సంకల్పాన్ని ఇతరులు గమనించారని తెలిసిన విద్యార్థులు, ఎవరూ గమనించని వారికంటే ఆ పని మీద తక్కువ సమయం వెచ్చించారు. ‘నేను ఫలానా రకం మనిషిని’ అన్న గుర్తింపు ముందే దక్కడంతో, దాన్ని సంపాదించుకోవలసిన తొందర తగ్గిపోతుందన్నది వారి వివరణ. పుస్తకాల విషయంలో ఇది నమ్మశక్యంగానే ఉంది, ఎందుకంటే ‘బాగా చదివే మనిషి’ అన్నది చాలామంది కోరుకునే గుర్తింపు, యాభై పేర్ల జాబితాను చూపించడంతోనే అందులో కొంత చేతికి వస్తుంది.

అవతలి వైపు, 2016లో వెలువడిన ఒక పరిశీలన 138 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న దాదాపు 20 వేలమందిని కలిపి చూసింది. ఎంతవరకు వచ్చామన్నది ఎప్పటికప్పుడు చూసుకునేవారు లక్ష్యాన్ని చేరే అవకాశం ఎక్కువని, ఆ పురోగతిని రాసిపెట్టినా పదిమందికీ తెలియజేసినా ఫలితం ఇంకా బలంగా ఉందని అది తేల్చింది.

రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు అనిపిస్తుంది గానీ, మొదటిది సంకల్పాన్ని చెప్పడం గురించి, రెండోది జరిగిన పనిని చెప్పడం గురించి. ‘ఈ ఏడాది యాభై చదువుతాను’ అన్నది ఒక ప్రకటన. ‘మార్చి చివరికి తొమ్మిది అయ్యాయి’ అన్నది ఒక లెక్క. జనవరిలో అందరూ చెప్పేది మొదటి రకం వాక్యం, మార్చిలో చాలామంది చెప్పకుండా ఊరుకునేది రెండో రకం. అయితే ఈ ఫలితాలు ప్రధానంగా పుస్తక పఠనాన్ని పరీక్షించినవి కావు కాబట్టి, వాటిని పఠన ప్రణాళికలకు అన్వయించడం ఊహే, కాకపోతే సహేతుకమైన ఊహ.

స్టార్ అంటే మొదట్లో మెచ్చుకోలు మాత్రమే

ఇక రెండో అంకె, పుస్తకానికి వేసే స్టార్లు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మరియానా స్టార్క్ అనే ఆంగ్ల రచయిత్రి యూరప్ యాత్రికుల కోసం రాసిన గైడు పుస్తకాల్లో చూడదగ్గ చిత్రాల పక్కన ఆశ్చర్యార్థకాలు పెట్టేవారు, చిత్రం గొప్పదైన కొద్దీ గుర్తులు పెరిగేవి. టైర్ల కంపెనీ మిషలిన్ 1926లో మంచి భోజనశాలలకు ఒక స్టార్ ఇవ్వడం మొదలుపెట్టి, 1931లో రెండు, మూడు స్టార్ల అంతస్తులు చేర్చింది. ఈ రెండు పద్ధతుల్లోనూ గుర్తు లేకపోవడమే మామూలు స్థితి, ఒక్క గుర్తు దక్కినా గౌరవమే. నేటి యాప్‌లలో ఇది తలకిందులైంది. అయిదింటికి ఒకటి ఇవ్వడమంటే తిట్టడం, గుర్తు లేదంటే ఎవరూ చదవలేదని. స్టార్ ఆకారం పాతదే ఉండిపోయి అర్థం తిరగబడడం వల్ల, ‘మూడు ఇచ్చాను’ అని మెచ్చుకోలుగా అన్న మాట వినేవాళ్లకు పెదవి విరుపులా తోస్తుంది.

మూడు స్టార్లంటే నచ్చిందనా, నచ్చలేదనా?

గుడ్‌రీడ్స్ తన అయిదు స్టార్లకు అర్థాలు రాసిపెట్టింది. ఒకటి అంటే నచ్చలేదు, రెండు అంటే ఫరవాలేదు, మూడు అంటే నచ్చింది, నాలుగు అంటే చాలా నచ్చింది, అయిదు అంటే అద్భుతం. అంటే అయిదింటిలో నాలుగు మెట్లు ‘ఫరవాలేదు’ నుంచి పైకే ఉన్నాయి, నచ్చకపోవడానికి ఉన్నది ఒక్కటే మెట్టు. అమెజాన్‌లో మాత్రం మూడు, అంతకు తక్కువ స్టార్లున్న సమీక్షలు విమర్శల గంపలో పడతాయి. 2013 నుంచి గుడ్‌రీడ్స్ అమెజాన్ సొంతం. ఒకే యజమాని రెండు ఇళ్లలో ఒకే అంకె, ఒక ఇంట్లో ‘నచ్చింది’, ఇంకో ఇంట్లో ఫిర్యాదు!

సైటు చెప్పిన అర్థాన్ని అందరూ పాటించినా అసలు ప్రశ్న తెగదు. రేటింగ్ దేన్ని కొలవాలి? ఒక వాదం ప్రకారం అది చదివిన మనిషికి కలిగిన ఆనందాన్ని కొలవాలి, ఎందుకంటే పాఠకులు సాక్ష్యం చెప్పగలిగేది అదొక్కటే. ఇంకో వాదం ప్రకారం అది రచన పనితనాన్ని కొలవాలి, లేకపోతే ఒక గొప్ప విషాద నవల ‘మనసు బాగోలేకుండా చేసింది’ అన్న నెపంతో రెండు దగ్గర ఆగిపోతుంది. మూడో వాదం, పుస్తకం తాను పెట్టుకున్న లక్ష్యాన్ని ఎంతవరకు సాధించిందో చూడాలంటుంది. రైలు ప్రయాణంలో ఒక్క ఊపున చదివించే డిటెక్టివ్ నవలను తీసుకుందాం. ఆనందాన్ని కొలిస్తే దానికి అయిదు, వాక్యాల పనితనాన్ని కొలిస్తే మూడు, డిటెక్టివ్ నవలగా కొలిస్తే నాలుగున్నర. ముగ్గురు పాఠకులు ఒకే పుస్తకాన్ని ఒకేలా చూసి కూడా మూడు వేర్వేరు అంకెలు వేయగలరు, ఎవరి అంకె తప్పనీ అనలేం.

దీనికి తోడు ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు. ఒకరి రేటింగుల సగటు 4.6, మరొకరిది 2.9 అనుకుందాం. ఇద్దరూ ఒక పుస్తకానికి నాలుగు వేశారు. మొదటి వ్యక్తి విషయంలో అది ఆశాభంగం, రెండో వ్యక్తి విషయంలో ఏడాదికి రెండు మూడుసార్లు జరిగే సంఘటన. స్నేహితుల రేటింగ్ చూసి పుస్తకం ఎంచుకునేవాళ్లు మనసులో ఈ సవరణ చేసుకుంటూనే ఉంటారు: ‘ఆయన నాలుగిచ్చాడంటే నమ్మొచ్చు, ఆవిడ అందరికీ అయిదే ఇస్తుంది’ అని.

సగాలూ పావులూ పెడితే తీరుతుందా అన్నది మరో చర్చ. లైబ్రరీథింగ్ అర స్టార్లను, స్టోరీగ్రాఫ్ పావు స్టార్లను అనుమతిస్తాయి. మూడుకూ నాలుగుకూ మధ్య నలిగిపోయే పాఠకులకు ఇది ఊరట. వ్యతిరేకించేవాళ్ల అభ్యంతరం మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్. ఎస్. స్టీవెన్స్ 1946లో కొలమానాల గురించి చేసిన విభజన దగ్గరికి వెళ్తుంది: కొన్ని అంకెలు వరుసను మాత్రమే చెబుతాయి, మెట్ల మధ్య దూరాన్ని చెప్పవు. రెండు నుంచి మూడుకు ఎంత దూరమో నాలుగు నుంచి అయిదుకూ అంతే దూరమని స్టార్ల విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు. నా వరకు నాలుగు నుంచి అయిదుకు ఉన్న మెట్టు మిగతా అన్నిటికంటే ఎత్తు. మెట్టు ఎత్తే తెలియనప్పుడు దాన్ని నాలుగు సమభాగాలు చేయడంలో ఖచ్చితత్వం కంటే ఖచ్చితంగా ఉన్నామన్న తృప్తి ఎక్కువ.

అంకె ఎప్పుడు వేశారన్నదీ ముఖ్యమే. ఒక అనుభవాన్ని గుర్తు తెచ్చుకునేటప్పుడు మనం దాని మొత్తం నిడివి కంటే అందులోని తీవ్రమైన ఘట్టానికీ ముగింపుకూ ఎక్కువ విలువ ఇస్తామని డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో చల్లనీళ్లలో చెయ్యి ఉంచే ప్రయోగంతో చూపారు. చివరి పేజీ మూసిన నిమిషంలో వేసే స్టార్లు చివరి అధ్యాయానికి దక్కుతున్నాయా, పుస్తకానికా అన్న అనుమానం అందువల్ల సహజం. నా నోటుబుక్కులో ఒక నవల పక్కన నీలిసిరాతో మూడు ఉంది, దాన్ని కొట్టేసి పక్కనే నల్లసిరాతో నాలుగు ఉంది. మధ్యలో ఆరు నెలలు గడిచాయి, నవల మళ్లీ చదవలేదు. ముగింపు మీద కోపం చల్లారింది, ఒక పాత్ర మాత్రం మిగిలింది.

సగటు దాచిపెట్టేవి

విడివిడి అంకెలకే ఇన్ని అర్థాలున్నప్పుడు, వాటిని కలిపి తీసిన సగటును ఎలా చూడాలి? ఎనిమిదిమంది చదివిన ఒక పుస్తకానికి నలుగురు మూడు, నలుగురు నాలుగు ఇచ్చారు: సగటు 3.5. మరో పుస్తకానికి ముగ్గురు ఒకటి, అయిదుగురు అయిదు ఇచ్చారు: దాని సగటూ 3.5. మొదటిది ఎవరినీ పెద్దగా కదిలించని పుస్తకం, రెండోది జనాన్ని రెండుగా చీల్చిన పుస్తకం. రెండో రకానికి దగ్గరగా ఉండే తీరు ఆన్‌లైన్ సమీక్షల్లో మామూలేనని నాన్ హు, పాల్ పావ్‌లూ, జీ జాంగ్ 2009లో చూపారు: అయిదులు ఎక్కువగా, ఒకట్లు కొన్ని, మధ్యవి తక్కువగా. బాగా నచ్చినవాళ్లూ బాగా మండిపడ్డవాళ్లూ రాస్తారు, ‘పర్లేదు’ అనుకున్నవాళ్లు రాయకుండా వెళ్లిపోతారు.

తక్కువమంది చెప్పిన సగటు ఇంకో తలనొప్పి. ముగ్గురు చదివి ముగ్గురూ అయిదు ఇచ్చిన పుస్తకం, 400 మంది చదివి 4.2 సగటు తెచ్చుకున్న పుస్తకం కంటే మెరుగైనదా? దీనికి గణాంక శాస్త్రంలో ఒక సర్దుబాటు ఉంది. ప్రతి పుస్తకానికీ ముందే యాభైమంది మామూలు పాఠకులు 3.9 ఇచ్చారనుకుని లెక్క మొదలుపెడతారు. అప్పుడు మొదటి పుస్తకం 3.96 దగ్గరికి దిగుతుంది, రెండోది 4.17 దగ్గర నిలుస్తుంది. ఆ యాభై, ఆ 3.9 ఎంతుండాలన్నది మాత్రం లెక్క చేసేవాళ్ల నిర్ణయం.

అన్నిటికంటే మాయచేసేది సీరీస్ పుస్తకాల సగటు. మొదటి భాగాన్ని వందమంది చదివారు. నలభైమంది అయిదు, అరవైమంది మూడు ఇచ్చారు, సగటు 3.8. రెండో భాగానికి వచ్చింది ఆ నలభైమందే. వాళ్లు సగటున 4.6 ఇచ్చారు. తెర మీద చూస్తే 3.8 నుంచి 4.6కు ఎదిగిన సీరీస్ కనిపిస్తుంది. ఆ నలభైమందినీ అడిగితే, వాళ్ల లెక్కలో అయిదు నుంచి 4.6కు దిగింది. పుస్తకం బాగుపడలేదు, నచ్చనివాళ్లు తప్పుకున్నారు.

ఇందుకు తిరగబడ్డ ఉదాహరణ బహుమతులది. బలాజ్ కొవాచ్, అమాండా షార్కీ 2014లో గుడ్‌రీడ్స్ సమీక్షలను పరిశీలించి, బహుమతి గెలిచిన పుస్తకాల రేటింగ్, తుది జాబితాలో ఉండి గెలవని పుస్తకాలతో పోలిస్తే, ప్రకటన తర్వాత ఎక్కువగా పడిపోయిందని గుర్తించారు. బహుమతి వచ్చిందని విని, ఆ రకం రచనలు మామూలుగా ముట్టుకోనివాళ్లు కూడా కొని చదవడం వారు చెప్పిన కారణాల్లో ఒకటి.

చదవకుండానే వేసే అంకెల సంగతి వేరే. రష్యా నేపథ్యంగా రాసిన ఒక నవలకు 2023 జూన్‌లో, అది అచ్చుకు నెలల ముందే, యుక్రెయిన్ యుద్ధం కారణంగా వందల కొద్దీ ఒక్క స్టార్ రేటింగులు పడ్డాయి, రచయిత్రి ప్రచురణను నిలిపివేశారు. అది నిరసన అని సమర్థించేవాళ్లూ ఉన్నారు, పుస్తకం మీద తీర్పు పేరుతో మరో తీర్పు ఇచ్చారని అనేవాళ్లూ ఉన్నారు. ఆ అంకెలు పాఠకుల అనుభవాన్ని చెప్పడం లేదన్నది మాత్రం రెండు పక్షాలూ కాదనలేవు.

సగంలో ఆగిన పుస్తకం ఏ లెక్కలోకి?

ప్రణాళిక అంకే, రేటింగ్ అంకే ఒకదాన్నొకటి గుద్దుకునే చోటు ఇది. 500 పేజీల పుస్తకాన్ని 380వ పేజీ దగ్గర వదిలేస్తే, సంఖ్య లెక్కలో అది సున్నా. సగటు పుస్తకం కంటే ఎక్కువ చదివినా సున్నాయే. మిగిలిన 120 పేజీలను పళ్లబిగువున పూర్తి చేయించేది చాలాసార్లు ఆ సున్నా. అలా పూర్తి చేసిన పుస్తకానికి పడే రెండు స్టార్లలో పుస్తకం వాటా ఎంత, లక్ష్యం వాటా ఎంత?

పూర్తిగా చదవని దానికి రేటింగ్ ఇవ్వకూడదన్నది ఒక న్యాయం: ముగింపు అంతా మార్చేయవచ్చు. ఇవ్వాలన్నది ఇంకో న్యాయం: వదిలేసినవాళ్లు మౌనంగా ఉంటే సగటంతా ఓర్చుకున్నవాళ్లదే అవుతుంది, పైన చూసిన సీరీస్ మాయ ఒకే పుస్తకం లోపల జరుగుతుంది. కొందరు ఆపిన పేజీని రాసి, అంకె వదిలేస్తారు. నాకు ఇది మధ్యేమార్గంలా కాక మరింత నిజాయితీగా తోస్తుంది: ‘210 దగ్గర ఆపాను’ అన్న మాటలో అంకె ఉంది, దాని ప్రశ్న కూడా ఉంది.

స్టార్లు లేకుండా కుదురుతుందా?

నెట్‌ఫ్లిక్స్ 2017లో అయిదు స్టార్లు తీసేసి బొటనవేలు పైకీ కిందికీ పెట్టింది. పరీక్షించినప్పుడు రేటింగులు 200 శాతం పెరిగాయని ఆ సంస్థ చెప్పింది. 2022లో మళ్లీ రెండు బొటనవేళ్ల గుర్తు చేర్చింది. ‘నచ్చింది’, ‘చాలా నచ్చింది’ మధ్య తేడా చూపించాలని జనం అనుకుంటారన్నమాట. మరో పద్ధతి పోలిక: ఏ రెండు పుస్తకాలు తీసుకున్నా ఏది ఎక్కువ నచ్చిందో చెప్పడం, అంకె వేయడం కంటే తేలిక. లూయిస్ థర్‌స్టోన్ 1927లోనే ఇలాంటి జంట పోలికల నుంచి కొలమానం కట్టే దారి చూపారు. ఏడాదికి చదివిన 24 పుస్తకాలను ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చాలంటే 276 పోలికలు కావాలి. కొత్త పుస్తకాన్ని అప్పటికే వరుసలో ఉన్నవాటి మధ్యలో ఇరికించాలంటే, ప్రతిసారీ నడిమి పుస్తకంతో పోల్చి సగం వరుసను పక్కన పెడుతూ పోతే, అయిదు పోలికలు చాలు. ఈ పద్ధతిలో ఉదారమైన చెయ్యి, పిసినారి చెయ్యి అన్న తేడా పోతుంది. కానీ 24వ స్థానంలో ఉన్నది చెడ్డ పుస్తకమా, మంచి ఏడాదిలో ఆఖరిదా అన్నది వరుస చెప్పదు.

మాటల్లో రాసుకోవడం అన్నిటికంటే పాతది. నా నోటుబుక్కులో నాలుగో గడి స్టార్లకు, అయిదో గడి ఖాళీ. ఆ ఖాళీలో కొన్నిచోట్ల ‘చెల్లికి ఇవ్వాలి’ అని ఉంటుంది, ఒకచోట ‘మొదటి వంద పేజీలు ఓపిక పట్టాలి’ అని, మరోచోట ‘వర్షాకాలంలో మళ్లీ’ అని. వాటి పక్కనున్న స్టార్లు చాలావరకు మూడే. వాటికి సగటు తీయవచ్చు, అయిదో గడికి తీయలేం.